నాలుగుసార్లు రాసిన పగ

రిమాండ్ రిపోర్టు రెండు పేజీలుంది. అందులో పగ అనే మాట నాలుగు చోట్ల కనిపించింది. మొదట పాత పగ అని రాశారు. కింది పేరాలో అది దాయాది పగ అయింది. రెండో పేజీలో పగబట్టి అనీ, సంతకానికి కాస్త పైన పగ తీర్చుకొను ఉద్దేశముతో అనీ ఉంది. పదకొండేళ్లు నిజామాబాద్ క్లూస్ టీంలో పనిచేసి, ఉద్యోగం వదిలేసి, ఇప్పుడు సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాను. ఇలాంటి కాగితాలు గంపలకొద్దీ చదివాను. ఈ మాట రాశాక మావాళ్లు ఇంకేమీ వెతకరు.

"చదువుడైందా రూత్ మేడం?" అన్నాడు సి.ఐ. గజేందర్. ఆర్మూర్ స్టేషన్‌లో ఆయన గది అది. మేడం అనే మాటను ఆయన నామీద ఎప్పుడూ వెటకారంగానే వాడతాడు. ఒకసారి కోర్టులో నా రిపోర్టు వల్ల ఆయన కేసు కొట్టుడుపోయింది. అది ఆయనా మర్చిపోలేదు, నేనూ మర్చిపోలేదు.

"గంగాదాస్ సంపిన అన్నడా?" అని అడిగాను.

"పగ ఉన్నదా అని అడిగిన. ఉన్నది అన్నడు. ఇగ ఏం గావాలె? ఐదింటికి మెజిస్ట్రేట్ ముందర పెడుతున్న."

గోడ గడియారంలో పన్నెండూ నలభై. నాలుగు గంటల ఇరవై నిమిషాలుంది నాకు.

కేసు చూడటానికి తేలికగానే ఉంది. ఆర్మూర్ నుంచి దొంకేశ్వర్ వెళ్లే దారిలో ఒక ఊరు. నిన్న, సోమవారం, యాభై ఏళ్ల నాగేందర్ తన పసుపు కల్లంలో చచ్చిపడి ఉన్నాడు. తల వెనక దెబ్బ. పక్కనే పసుపు నేర్పే, అంటే ఉడికిన కుప్పను ఆరడానికి పలచగా పరిచే, కట్టె పార, దానికి నెత్తురు. భార్య రజని, కూతురు వర్షిత పెళ్లి చీరలకు తొమ్మిదింటికే ఆర్మూర్ వచ్చారు. మూడుంబావుకు తిరిగి వెళ్లి చూసింది రజనే. గజేందర్ మూడూ నలభైకి చేరాడు. శవాన్ని తాకి చూశాడు. వెచ్చగా ఉంది. అంటే చనిపోయి రెండు గంటలు దాటలేదని రాశాడు. ఒంటిగంటకు నాగేందర్ బతికే ఉన్నాడని సాయిలు అనే ఊరిపెద్ద వాంగ్మూలం ఇచ్చాడు. రెండు దాటాక గంగాదాస్ ఆ కల్లంలోంచి బయటికి రావడం ఒక ట్రాక్టర్ డ్రైవర్ చూశాడు. గంగాదాస్ ఇంట్లో చనిపోయినవాడి మూట దొరికింది. గంగాదాస్, నాగేందర్ అన్నదమ్ముల బిడ్డలు. తొమ్మిదేళ్లుగా మాటల్లేవు.

"ఇరవై నిమిషాలు మాట్లాడనిస్త. అది గూడ వాని బిడ్డ పొద్దున్నుంచి గేటు కాడ ఏడుస్తున్నదని" అన్నాడు గజేందర్.

ఆ బిడ్డ భూమికే నన్ను పిలిపించింది. తెల్లారి ఆరింటికి ఫోన్ చేసి, "మా బాపు చీమను గూడ తొక్కడు మేడం" అంది. అందరు బిడ్డలూ అదే అంటారు. అయినా వచ్చాను.

*

గంగాదాస్‌కు యాభై ఎనిమిదేళ్లు. బల్ల మీద రెండు చేతులూ మోకాళ్లపై పెట్టుకుని కూర్చున్నాడు. మోచేతుల దాకా అంగీ మడిచి ఉంది. ఆ చేతులు నేను చూశాను. పాత గాట్లు తప్ప కొత్తవేమీ లేవు.

"నేను రూత్. భూమిక పంపింది."

"ఎందుకు పంపింది? నాకు వకీలొద్దు, ఎవ్వలొద్దు."

"నాగేందర్ మీద మీకు పగ ఉన్నదా?"

"ఉన్నది. సారుకు జెప్పిన గద. లేదని ఎట్ల జెప్పాలె?"

"ఎప్పటి సంది?"

"మాటలు బందై తొమ్మిదేండ్లు. పగ అంటె మాత్రం నాలుగేండ్ల సంది."

రాసుకుంటున్న పెన్ను ఆపాను. "రెండిటికి ఫరక్ ఏంది?"

ఆయన అప్పుడు మొదటిసారి నా మొహం చూశాడు.

"మాటలు బందైతె కోపం మేడం. బోరు కాడ కొట్లాడినం, ఇద్దరి నడుమ ముప్పై గుంటల భూమి కాడ కొట్లాడినం. గదంత కోపమే. కోపమున్నోడు ఏదో ఒకనాడు వస్తడని లోపట ఉంటది. నన్ను కన్న మా అవ్వ గంగవ్వ సచ్చిపోయిననాడు నాగ రాలే. వాని తల్లి చిన్నప్పుడే పోతె మా అవ్వనే సాకింది. నా పల్లెంలనే వానికి పెట్టింది. పాడె లేపేదాక వాకిట్ల నిలవడి తొవ్వ చూసిన. రాలే. ఇగ వీడు రాడు అని తెలిసిన గా రోజు పగైంది."

ఆ మాట రాసుకున్నాను. గజేందర్ నాలుగుసార్లు రాసిన మాటకు అర్థం ఈయన నాలుగు ముక్కల్లో చెప్పాడు.

"పగ ఉంటె ఏం జేస్తరు?"

"ఏం జేస్తం? చూస్తుంటం." ఆయన గొంతు తగ్గింది. "లేవంగనే వాని కల్లం దిక్కే చూపు వోతది. ఎన్నింటికి వచ్చిండు, ఎన్నింటికి మోటరేసిండు, దగ్గు తగ్గిందా లేదా. నా పెండ్లాం ఏ చీర కట్టిందో నాకెర్క లేదు గని, వాడు ఏ అంగి తొడిగిండో ఎర్కే."

అక్కడ నాకు దారి దొరికింది. రోజూ ఒక మనిషిని అంతలా కనిపెట్టుకుని ఉన్నవాడి కంటే మంచి సాక్షి ఎక్కడ దొరుకుతాడు? గజేందర్ ఆయన్ని ముద్దాయిగానే చూశాడు కాబట్టి సాక్షిగా ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

"నిన్న పొద్దున్నుంచి నాగేందర్ ఏం జేసిండో చెప్పుండ్రి. టైములతోని."

ఆయన గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఆరింటికి పసుపు ఉడకబెట్టే బాయిలర్ వచ్చింది. అది ఊళ్లో వంతుల ప్రకారం కల్లం కల్లం తిరుగుతుంది. ఎనిమిదిన్నరకు మూడు డ్రమ్ములు దించారు. అప్పుడు గంగాదాస్ బీపీ గోలీలకు ఆర్మూర్ దవాఖానకు బయలుదేరాడు. అక్కడ తొమ్మిదింబావుకు టోకెన్ తీసుకున్నాడు, పదకొండుంబావుకు బయటపడ్డాడు. ఇంటికి చేరేసరికి పన్నెండుకు పావు తక్కువ.

"వస్తనే గా దిక్కు చూసిన. నాలుగు డ్రమ్ముల పసుపు దించింది దించినట్టే ఉన్నది. నేర్పలే. ఉడికిన పసుపు ఆవిరి తగ్గంగనే నేర్పాలె మేడం, లేకుంటె లోపట చెమట వట్టి కొమ్ము నల్లవడ్తది. నాగ ఎన్నడు గట్ల ఇడిసిపెట్టడు. పన్నెండైంది, నేర్పలే. ఒంటిగంటకు అన్నం ముందర కూసున్న, ముద్ద దిగలే. రెండైంది. ఇగ నిలవలేకపోయిన."

"పోయిండ్రు."

"ముప్పై గుంటలు దాటి పోయిన. తొమ్మిదేండ్లకు. పసుపు మీద ఎల్లకిలా పండుకున్నడు. నాగా అని పిలిచిన." ఆయన మోకాళ్ల మీది వేళ్లు బిగుసుకున్నాయి. "ఇన్నేండ్లకు నోరార పిలిస్తె ఇనేటందుకు వాడు లేడు."

తొమ్మిదేళ్ల తర్వాత ఆ మనిషిని వెతుక్కుంటూ వెళ్లింది ఈ పగవాడొక్కడే.  ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఏడుపొచ్చేలా ఉంటే దగ్గడం అలవాటు. దగ్గాను.

"మూట సంగతి?"

 అదీ చెప్పాడు. శవం చేతి పక్కన కొత్త పసుపుపచ్చ బట్టలో కట్టిన మూట ఉంది. ఇంటికి తెచ్చుకుని విప్పితే, అందులో ఐదు దోసిళ్ల ఎండు పసుపు కొమ్ములు, ఒక శుభలేఖ ఉన్నాయి. వాళ్ల వంశంలో పెళ్లయితే, పెళ్లి పసుపు దంచడం పెద్దింట్లోనే మొదలవ్వాలి. పెద్దిల్లంటే గంగాదాస్ ఇల్లు. మూలలకు పసుపు రాసిన ఆ మొదటి శుభలేఖ మీద, పిలిచేవాళ్ల పేర్లలో అన్నిటికంటే పైన గంగాదాస్ పేరు అచ్చేసి ఉంది.

"నా కాడికే వస్తుండె మేడం. తయారై నిలవడ్డడు. వాడు మనసు మార్చుకున్నడు, నాకు ఎర్కలేదు. నేను గా పొద్దున గూడ వాన్ని తిట్టుకుంటనే దవాఖానకు పోయిన." ఆయన కండువాతో మొహం కప్పుకున్నాడు. "వెయ్యుండ్రి కేసు. నాకేం ఫికర్ లేదు."

ఎందుకు నోరు విప్పలేదో తెలిసింది. జైలు ఆయనకు శిక్షలా కనిపించడం లేదు.

"శవం చూసినంక ఎవలికి జెప్పిండ్రు?"

"గా ఇంటోళ్లతోని మాట్లాడనని పెద్దమనుషుల ముందట ఒట్టు వెట్టుకున్న. రజనికి నేను ఫోన్ ఎట్ల జేస్త? సాయిలుకు జేసిన. గా ఇంటికి ఏ మాట పోవాల్నన్న సాయిలే గద, నడుమ మనిషి."

"సాయిలు ఏమన్నడు?"

"నేను చూసుకుంట, నువ్వు ఇంట్ల పండుకో, చూసినట్టు ఎవ్వలికి జెప్పకు అన్నడు."

సాయిలు వాంగ్మూలం నా చేతిలోనే ఉంది. రజని ఏడుపు విని మూడుంబావుకు పరిగెత్తుకెళ్లాననీ, అప్పటిదాకా తనకేమీ తెలియదనీ చెప్పాడు.

*

"గంగాదాస్ ఫోన్ సీల్ చేసినం. తెరవను" అన్నాడు గజేందర్.

"నిన్న రెండు దాటినంక ఒక కాల్ ఉంటది. సాయిలుకు. అదొక్కటి చూడు."

"సాయిలు ఊరికి పెద్దమనిషి. ఎవలి మీద పగ లేనోడు. నువ్వు పైస తీస్కొని పనిచేస్తున్నవు గాబట్టి నీకు అందరు దొంగలే కనవడ్తరు."

"నువ్వు జీతం తీస్కొని పనిచేస్తున్నవు. నీకు ఒక్కడే కనవడ్తున్నడు."

ఆయన కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. నేను బయటికొచ్చేశాను. గేటు దగ్గర భూమిక నిలబడి ఉంది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, కళ్లు వాచిపోయి ఉన్నాయి. కారు ఎక్కమన్నాను.

దారిలో ఒక్క మాటే అడిగాను, సాయిలు ఎలాంటివాడని.

"సాయిలు తాత లేకుంటె మా రెండిండ్లు ఎన్నడో తలలు వలగ్గొట్టుకునేటియి మేడం. నీళ్ల వంతు, కరెంటు, దారి, ఏదున్నా తాతనే చెప్తడు. రోజు పది గంటలకు వాళ్లింటికి, పదకొండు గంటలకు మా ఇంటికి వస్తడు. ఏమన్న చెప్పాల్నా అని అడిగి పోతడు."

"గా ముప్పై గుంటలు ఇప్పుడెవలు చేస్తున్నరు?"

"తాతనే. పంచాయితి తెగేదాక మేమిద్దరం కాలు వెట్టొద్దని పెద్దమనుషులు చెప్పిండ్రు. తాతకు భూమి లేదు. అందుకని..."

ఆమె మాట మధ్యలో ఆపేసింది. 

*

రెండుంబావుకు కల్లం చేరాం. పోలీసు తాడు చుట్టూ కట్టి ఉంది. పేడతో అలికిన నేల మీద నాలుగు కుప్పలు, నాలుగు డ్రమ్ములు కుమ్మరించిన ఆకారంలోనే ఉన్నాయి. మా అమ్మ ఇలాంటి కల్లాల్లోనే కూలి చేసింది. సీజన్ అయిపోయిన రెండు నెలల దాకా ఆమె పెట్టే అన్నం ముద్దలో పసుపు వాసన వచ్చేది. గజేందర్ పత్తి పండే జిల్లా నుంచి వచ్చాడు. ఆయనకు ఇది ఒట్టి నేర స్థలం.

నాగేందర్ పడి ఉన్న చోట రజని దీపం పెడుతోంది. పక్కన డెబ్బై ఏళ్ల మనిషి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తెల్ల పంచె, తెల్ల అంగీ. మార్చి ఎండలో కూడా అంగీ గుండీలు మణికట్టు దాకా పెట్టుకున్నాడు. భూమిక మెల్లిగా "తాత" అంది. ఈయనే సాయిలన్నమాట.

నేను ముందు నేల చూశాను. కట్టె పారతో పసుపు నేర్పితే పేడ అలుకు మీద గీతలు పడతాయి. ఒక్క గీత లేదు. కుప్పకు బయట ఒక్క కొమ్ము లేదు. నిన్న నాలుగో డ్రమ్ము దించాక ఈ పసుపును ఎవరూ నేర్పలేదు. బాయిలర్ డ్రైవర్‌కు ఫోన్ చేస్తే తొమ్మిదీ నలభైకి డ్రమ్ము దించి పక్క ఊరికి వెళ్లామనీ, అప్పుడు నాగేందర్ ఒక్కడే ఉన్నాడనీ చెప్పాడు.

మధ్య కుప్ప వెనక వైపు మోచేతి దాకా చెయ్యి పెట్టాను. లోపల ఇంకా వెచ్చగా ఉంది. ఒకరోజు గడిచినా వెచ్చగానే ఉంది. బయటికి తీసిన కొమ్ము మెత్తబడి నల్లగా మారింది.

"తాడు దాటొద్దని రాసిలేదా మేడం?"

గజేందర్ జీపు ఎప్పుడొచ్చిందో నేను వినలేదు. టైము మూడు.

"చెయ్యి వెట్టు" అన్నాను.

"ఏంది?"

"కుప్పల చెయ్యి వెట్టు. నిన్న నువ్వు తాకింది శవం వేడి గాదు. పసుపు వేడి."

ఆయన కోపంగానే వంగి చెయ్యి పెట్టాడు. తీసేటప్పుడు కోపం లేదు. నేను ఆయన ఫోన్లోని నిన్నటి ఫోటోలే తెరిపించాను. నాగేందర్ తెల్ల అంగీ వీపు మీద, ఛాతీ మీద చిక్కటి పచ్చ మరకలున్నాయి.

"బాయిలర్ల నుంచి దించిన పసుపు నుంచి గంట సేపు పచ్చ నీళ్లు కారుతయి. తర్వాత పైన ఆరిపోతది, బట్టకు అంటదు. ఒంటిగంటకో రెండింటికో పడ్డోని అంగి గిట్ల కాదు. నాగేందర్ పడ్డది తొమ్మిది నలభై తర్వాత, పదిన్నర లోపట. గప్పుడు గంగాదాస్ ఆర్మూర్ దవాఖానల టోకెన్ పట్టుకొని కూసున్నడు. ఇంకోటి చూడు. మొఖం ఒక పక్క కమిలింది. ఎండకనుకున్నవు నువ్వు. అది ఆవిరి. బోర్ల పడ్డడు. ఎవలో ఎల్లకిలా తిప్పిండ్రు."

గజేందర్ ఫోటోను పెద్దది చేసి చూశాడు. తర్వాత నాకు మాత్రమే వినబడేలా అన్నాడు, "నువ్వు పోయినంక ఫోన్ తెరిచిన. రెండు పన్నెండు. సాయిలుతోని నలభై సెకన్లు." అందుకే వచ్చాడు. ఈ మనిషి మీద నాకు ఎంత కోపమున్నా ఇదొక్కటి ఒప్పుకోవాలి. తప్పని తెలిస్తే అక్కడే ఆగుతాడు.

నేను సాయిలు వైపు తిరిగాను. "తాతా, నిన్న ఒంటిగంటకు నాగేందర్ ఏం జేస్తున్నడు?"

"పసుపు నేర్పుతున్నడు బిడ్డా. నాతోని మంచిగ మాట్లాడిండు."

"జర కుప్పల చెయ్యి వెట్టి చూడు, నేర్పిన పసుపు లెక్క ఉన్నదా?"

ఆయన కదల్లేదు. కట్టుకున్న చేతులు విప్పలేదు.

"చెయ్యి వెట్టు తాతా."

"నాకు శాతగాదు బిడ్డా."

గజేందర్ వెళ్లి ఆయన కుడి చేతి గుండీ విప్పాడు. మెల్లిగానే విప్పాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా చర్మం ఉబ్బి, నీటి బొబ్బలు చితికి ఉన్నాయి. ఎడమ చెయ్యీ అంతే.

రజని చేతిలోని నూనె గిన్నె కింద పడిపోయింది. "సాయిలు మామా" అంది. 

సాయిలు అక్కడే కూలబడ్డాడు. పారిపోయే వయసు కాదు, ఆ ఉద్దేశమూ లేదు.

"రోజు లెక్కనే పది గంటలకు వచ్చిన. ఏమన్న చెప్పాల్నా అన్న. నవ్విండు. ఇయ్యాల నువ్వు చెప్పేటిది ఏం లేదు మామా, నేనే పోతున్న దాసన్న కాడికి అన్నడు. మూట చూపెట్టిండు, పత్రిక చూపెట్టిండు. వద్దంటి. వాడు నిన్ను రానియ్యడంటి. ఇన్నేండ్లు ఏమేం అన్నడో మొఖం మీదనే అడుగుత అన్నడు. ఇద్దరు ఒక్క కాడ కూసుంటె..." ఆయన ఆగాడు. "వాడు అటు మల్లిండు. పార చేతుల ఉండె."

"తర్వాత?"

"పసుపు మీద బోర్ల పడ్డడు. మొఖం కాలుతదని తిప్పిన బిడ్డా. లేపుదామని చేతులు కింద వెట్టిన. నాతోని గాలే."

భూమిక అడిగింది. నేను అడగాలనుకున్నదే. "ఇద్దరు కూసుంటె ఏమైతది తాతా?"

 దానికి జవాబు రజని చెప్పింది. దీపం ముందు నుంచి లేవకుండా, ఎవరినీ చూడకుండా చెప్పింది.

"గంగవ్వ పెద్దమ్మ పోయిననాడు మా ఆయన అన్నం ముట్టలే. నువ్వొస్తె శవాన్ని పాడె మీంచి దింపుత అన్నడట దాసు బావ. సాయిలు మామనే వచ్చి చెప్పిండు. మా ఆయన మక్కచేన్ల నిలవడి, కాష్టం పొగ ఆగేదాక చూసి వచ్చిండు. గా నాటి సంది పెద్దమ్మ పేరు ఎత్తలే."

భూమిక ఆమె ముందుకొచ్చి నిలబడింది. "మా బాపు గట్ల అనలే చిన్నమ్మా. చిన్నబాపు రానన్నడని తాతనే మాకు చెప్పిండు. మా బాపు రోజంత తొవ్వ చూసిండు."

 రజనీ భూమికా ఒకరినొకరు చూసుకున్నారు. తొమ్మిదేళ్లలో వాళ్లిద్దరి నడుమ, మధ్య మనిషి లేకుండా, జరిగిన మొదటి మాట అది. ఒట్లు పెట్టుకున్నవాళ్లు ఒక్కసారి, ఒక్క పూట ఒట్టు తప్పి ఉంటే, ఒకరి వాకిట్లోకి ఒకరు వెళ్లి నువ్విలా అన్నావా అని అడిగి ఉంటే అయిపోయేది. ఇద్దరూ మాట మీద నిలబడ్డారు. నాకు ఏడుపొచ్చింది, ఈసారి దగ్గలేదు.

"అన్నీ నువ్వే కల్పించినవా?" అని అడిగాడు గజేందర్.

"మొదలు కొట్లాట వాళ్లదే సారు. నేను చల్లారనియ్యలే, గంతే. వాళ్లు కలిస్తె గా ముప్పై గుంటలు నాకు ఏడియి? నా ముసల్ది, నేను గా గింజల మీదనే బతుకుతున్నం." ఆయన తలెత్తి నన్ను చూశాడు. "నాకు ఎవలి మీద పగ లేదు బిడ్డా. వాళ్లిద్దరు నా చేతుల మీద పెరిగినోళ్లే."

నిజమే చెప్పాడు. ఆ కళ్లలో ఎంత వెతికినా నాకు పగ కనిపించలేదు. అందుకే భయమేసింది.

*

నాలుగింటికి సాయిలును జీపు ఎక్కించారు. గజేందర్ నా పక్కకొచ్చి, రిమాండ్ రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"స్టేషన్‌కు ఫోన్ జేసిన. గంగాదాస్‌ను బయట బల్ల మీద కూసోవెట్టుమన్న. చాయ్ తాగియ్యుమన్న. కాగితాలు నేనొచ్చినంక జేస్త." క్షమించమని అనడం ఆయనకు చేతకాదు. ఇది ఆయన పద్ధతి. జీపు కదిలింది. ఆర్మూర్ పావుగంట దారి.

భూమిక కల్లం అంచున ఫోన్ పట్టుకుని ఏడుస్తోంది. మొహంలో మాత్రం ఇందాకటి దిగులు లేదు. నేను దగ్గరికి వెళ్లేసరికి పెట్టేసింది.

"బాపుతోని మాట్లాడిన మేడం. గాడ కానిస్టేబులన్న ఫోన్ ఇచ్చిండు. అంత చెప్పిన."

"అంత అంటె?"

"నానమ్మ సావునాడు చిన్నబాపు మక్కచేన్ల నిలవడ్డ సంగతి. సాయిలు తాత మనకు అబద్ధం చెప్పిన సంగతి. చిన్నబాపును ఎట్ల కొట్టిండో అది."

"మీ బాపు ఏమన్నడు?"

"ఏమనలే. ఏడుస్తడనుకున్న, ఏడ్వలే. చిన్నబాపు ఎంతసేపు నిలవడ్డడు అని అడిగిండు. పొగ ఆగేదాక అన్న. ఇగ..." ఆమె కాస్త గుర్తు చేసుకుంది. "సాయిలును తీస్కొని జీపు ఎన్నింటికి బయలెల్లింది అని అడిగిండు."

 కారు వైపు పరిగెడుతూనే స్టేషన్‌కు ఫోన్ చేశాను. ఎత్తిన కానిస్టేబుల్ హుషారుగా ఉన్నాడు.

"గంగాదాసా మేడం? ఇప్పటిదాక ఈడనే ఉండె. చాయ్ ఇస్తె ముట్టలే. కేసు పోయిందన్న, ఇంటికి పోతవులే అంటె తల ఊపిండు. గేటు బయటికి పోయి నిలవడ్డడు, జీపు వచ్చే దిక్కు చూసుకుంట."

"చేతుల ఏమన్న ఉన్నదా?"

 అవతల అడుగుల చప్పుడు, తలుపు చప్పుడు వినబడ్డాయి.

"మేడం, కల్లంల నుంచి పట్టుకొచ్చిన కట్టె పార ఈడ మూలకు ఉండాలె. కనవడ్తలేదు."

గజేందర్ ఫోన్ బిజీగా ఉంది. మళ్లీ చేశాను. మళ్లీ బిజీ. గడియారంలో నాలుగుంబావుకు ఒక నిమిషం తక్కువ. నాలుగేళ్లు ఒక మనిషి రాకపోకల్ని కనిపెట్టుకుని కూర్చున్నవాడు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. మధ్యాహ్నం చదివిన ఆ రిపోర్టులో నాలుగుసార్లు రాసింది అబద్ధమని నిరూపించడానికి వచ్చాను. ఇప్పుడది నిజమైంది. దాన్ని ఆయన చేతిలో పెట్టింది నేనే.